గాంధీగారు ఏ జహాజ్‌లో వచ్చారు?

రంగత్,
8 సెప్టెంబరు 1959

ఏలీయా మావయ్యకి నీ మేనకోడలు జ్ఞానవతి వందనాలు.

నేను ఇక్కడ క్షేమం. జ్వరం తగ్గింది, జలగలు తగ్గలేదు. అమ్మకి మాత్రం జలగల సంగతి చెప్పకు. చెప్పావంటే వచ్చే బోటే ఎక్కి, ఉప్పు మూట పట్టుకుని నా వెనకాలే బడికి వస్తుంది.

అసలు పని ఇది. అక్టోబరు రెండు గాంధీ జయంతి. మా హెడ్మాస్టరుగారు ఆ పండగ మొత్తం నా నెత్తిన పెట్టారు. "పట్నంలో చదువుకున్న పిల్లవి, అదేం పండగో బచ్చాలకి నువ్వే సమఝాయించు" అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌ని పట్నం అనేవాళ్ళున్నారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మా తరగతిలో నలభై రెండు మంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి, సర్కారిచ్చిన భూమిలో అడవి కొట్టుకుని స్థిరపడ్డవాళ్ళ పిల్లలే ఎక్కువ. కొందరు అడవి పనికొచ్చిన రాంచీవాళ్ళ పిల్లలు. మన తెలుగు పిల్లలు నలుగురే, రోడ్డు కూలీల పిల్లలు. అందరికీ కలిపి హిందీలో చెప్పాలి. సరే, చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు దేశమంతా సెలవు అన్నాను. చప్పట్లు కొట్టారు. అయితే ఆ రోజు బడికి రావాలి అన్నాను. చప్పట్లు ఆగిపోయాయి. "సెలవంటే రాకూడదు కదా టీచర్‌జీ" అని ఒకడు. ఆయన పుట్టినరోజు అన్నాను. ఆయన చనిపోయారు అని కూడా అన్నాను. "చనిపోయినాయనకి పుట్టినరోజు ఎలా వస్తుంది? పాయసం ఎవరు తింటారు?" అని ఇంకొకడు.

వీళ్ళందరి కంటే గట్టిది మిను. హరిపద మండల్ అని ఒక రైతు ఉన్నాడు, ఆయన మనవరాలు. ఎనిమిదేళ్ళు, ముందు రెండు పళ్ళు లేవు. లేచి నిలబడి, "టీచర్‌జీ, ఆయన ఏ జహాజ్‌లో వచ్చారు?" అంది.

నవ్వకు మావయ్యా. ఇక్కడ ఎవరిని ఎవరు కలిసినా మొదట అడిగేది అదే. ఊరు పేరు, ఇంటి పేరు తర్వాత. ఏ ఏడాది ఓడ ఎక్కారు, ఏ జహాజ్‌లో దిగారన్నదే మనిషి చిరునామా. అందుకని ఆ పిల్ల అడిగింది న్యాయంగానే ఉంది. "ఆయన ఇక్కడికి రాలేదమ్మా" అన్నాను. "రాకపోతే మనవాడెలా అయ్యాడు?" అంది.  గంట కొట్టారు గనక బతికిపోయాను.

కనీసం మొహమైనా చూపిస్తే పిల్లలకి కాస్త దగ్గరవుతుందని ఆశ. అబర్డీన్ బజార్‌లో నీ పటాల కొట్టు ఉండగా నాకేం లోటు? గాంధీగారి మంచి పటం ఒకటి ఫ్రేము కట్టి, పండగలోపల వచ్చే బోటుకి తప్పకుండా పంపు. ఆయన మన మనిషెలా అయ్యాడో అది కూడా రాసి పంపితే మరీ సంతోషం.

నీ
జ్ఞానవతి


అబర్డీన్ బజార్, పోర్ట్ బ్లెయిర్,
14 సెప్టెంబరు 1959

చిరంజీవి జ్ఞానవతికి మావయ్య దీవెనలు. ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక, జలగలు లేకుండా ఉండుగాక.

మీ అమ్మకి జలగల సంగతి చెప్పలేదు. నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. ఉప్పు మూట సిద్ధం చేసింది, ఆపుతున్నాను.

ఎనిమిదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేక గంట కోసం చూశావా? అందుకేనా నిన్ను చదివించింది! చాలా తేలిక. బైబిల్లోని మోషేని గురించి చెప్పు. జనాన్ని బానిసత్వంలోంచి దేవుడిస్తానన్న దేశం దాకా నడిపించుకొచ్చాడు, ఆ దేశంలో మాత్రం తాను కాలు పెట్టలేదు. అయినా ఆ దేశం వాళ్ళకి ఆయన మనవాడే. గాంధీగారూ అంతే అని చెప్పు. మన చర్చి సంఘంలో పెద్దనై ఇరవై ఏళ్ళయింది, ఇలాంటివి నాకు వదిలెయ్యి.

పటం సంగతికొస్తే, నీ అదృష్టం బాగుంది. మద్రాసు నుంచి కొత్త పటాలు వచ్చాయి. చక్కటి ఎర్ర పడాక్ చెక్క ఒకటి దాచి ఉంచాను, దాంతో కడతాను. ఆ చెక్కలోనే ఇంకో ఫ్రేము కూడా తెగుతుంది. అది అప్పలకొండమ్మ కోసం. నీకు గుర్తుందిగా, మిన్నీ బేలో మన వీధి చివరి ఇల్లు, హార్బరులో పడవ నడిపే లస్కరు గవరయ్య భార్య. గవరయ్య పోయి అక్టోబరుకి ఏడాది. ఒకటో తారీఖున సంవత్సరీకం పెట్టుకుంది.

ఆ గవరయ్య బతికుండగా ఒకే ఒక్కసారి ఫోటో దిగాడట, అదీ హార్బరు పాసు కోసం. గోరంత ఫోటో. నేనే మద్రాసు పంపించి పెద్దది చేయించాను. ఆ గోరంతది అక్కడే ఎక్కడో పోయింది. ఇప్పుడు ఆ మనిషి మొహమంటూ ఉన్నది ఈ పెద్ద కాగితం మీదే. పిల్లాజెల్లా లేరు. ఆవిడ రోజూ కొట్టుకొచ్చి "అయ్యిందేటి బాబూ?" అంటుంది. అవలేదంటాను. ఆ కాగితం ఒకసారి చూసుకుని వెళ్ళిపోతుంది. అది కట్టేదాకా నాకే గుండెల్లో రాయి.

నువ్వేం బెంగపెట్టుకోకు. ఇరవై రెండేళ్ళుగా పటాలు కడుతున్నాను, ఒక్క అద్దం పగిలింది లేదు.

మావయ్య
ఏలీయా


రంగత్,
21 సెప్టెంబరు 1959

మావయ్యకి,

నీ మోషేని చెప్పాను. చెప్పినందుకు అనుభవించాను. సముద్రం రెండుగా చీలింది అన్నానో లేదో నలభై రెండు మందీ లేచి నిలబడ్డారు. "అయితే వాళ్ళకి జహాజ్ అక్కర్లేదా?" "చీలితే చేపలేమయ్యాయి?" "కలకత్తా దాకా చీలుస్తారా, మా మౌసీ అక్కడుంది!" ఆ రోజు గాంధీగారి దాకా రానేలేదు.

సరే, నీ దారి వదిలేసి నా దారి పట్టాను. ఆయన ఎప్పుడూ నిజమే చెప్పేవారు, కష్టమొచ్చినా అబద్ధమాడలేదు, అందుకే దేశం ఆయన మాట వింది, అందుకే ఆ రోజుని గుర్తుపెట్టుకుంటాం అని చెప్పాను. పండగయ్యేదాకా మనమందరం నిజమే చెబుదాం అన్నాను. పిల్లలకి బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే మూడు రోజుల్లో ఊరు ఊరంతా నా మీద పడింది.

ఒకడు ఫారెస్టు గార్డు దారిలో కనబడితే పిలిచి మరీ, "మా మంచం కింద మీ దుంగలు రెండున్నాయి" అని చెప్పాడు. ఇంకొకడు వాళ్ళ నానమ్మతో, "నువ్వు గుడ్డిదానివి కాదు, పని చెబుతారని అలా అంటావు" అన్నాడు. మన తెలుగు పిల్ల తవిటమ్మ ఉందే, రోడ్డు మేస్త్రీ ఎదురుగానే, "నాన్నా, నువ్వు ఇంట్లో ఈయన్ని ఏనుగు అంటావు కదా" అంది. తల్లిదండ్రులు ఎనిమిది మంది బడికొచ్చారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "దీదీ, సచ్ సిఖాయా ఠీక్ కియా, మగర్ థోడా కమ్ సిఖావో" అని బతిమాలింది. నిజం నేర్పావు బాగానే ఉంది, కాస్త తగ్గించి నేర్పు అని.

తగ్గించడం నా చేతుల్లో లేదు. మొన్న మిను నన్ను నిలబెట్టి అడిగింది: "టీచర్‌జీ, మీరు కూడా నిజమే చెబుతారా?" చెబుతానన్నాను. "ఎప్పుడూనా?" ఎప్పుడూ అన్నాను. నలభై రెండు మంది సాక్షులు.

పటం ఇంకా రాలేదు. ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళు చూడటానికొస్తారట. గోడకి మేకు కూడా కొట్టించాను. తొందరగా పంపు.

జ్ఞానవతి


అబర్డీన్ బజార్,
27 సెప్టెంబరు 1959

చిరంజీవి జ్ఞానవతికి,

ఈ ఉత్తరంతో పాటే పటం వస్తోంది. ఎలా కట్టానో చూసి అప్పుడు మాట్లాడు. పడాక్ చెక్క అద్దంలా మెరుస్తోంది. దుప్పటి చుట్టి, పైన గోనె కుట్టి, తాడు బిగించి నా చేత్తో నేనే బోటు నడిపే సారంగుకి అప్పగించాను.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పండగనాడు పొద్దున్న దాకా గోనె విప్పకు. మీ దగ్గర ఆ తడిగాలికి కాగితం ముడతలు పడిపోతుంది, తర్వాత నా పనితనాన్ని అంటారు. నీకు చిన్నప్పటినుంచి క్రిస్మస్ మూటలు ముందే విప్పి చూసే అలవాటుంది. అందుకే ముడి మీద ముడి వేశాను.

అప్పలకొండమ్మ పటం కూడా అలాగే కట్టి గోనె కుట్టి ఉంచాను. ఒకటో తారీఖు పొద్దున్న పట్టుకెళ్తుంది. రెండూ ఒక్క కొలత, ఒక్క చెక్క, అన్నదమ్ముల్లా ఉన్నాయి.

నిజం చెప్పడం గురించి మీ ఊళ్ళో జరిగినవి సంఘంలో చదివి వినిపించాను. పడీపడీ నవ్వారు. మీ అమ్మ మాత్రం "ఫారెస్టు గార్డుకి చెప్పిన పిల్లాడు మంచివాడు" అంది.

మావయ్య


అబర్డీన్ బజార్,
1 అక్టోబరు 1959

జ్ఞానా,

దీవెనలు తర్వాత. కొంప మునిగింది.

పొద్దున్న అప్పలకొండమ్మ పటం పట్టుకెళ్ళింది. పదిగంటలకి మన వీధంతా కూర్చుంది. నేనూ వెళ్ళాను. పీట వేశారు, ముగ్గు పెట్టారు, దీపం వెలిగించారు. గోనె విప్పితే గాంధీగారు!

ఎలా జరిగిందో ఇప్పుడు తెలిసింది. రెండింటినీ గుమ్మానికి అటొకటి ఇటొకటి ఆనించి, కుడివైపుది నీది అనుకున్నాను. అది కొట్లోంచి బయటికి చూస్తూ అనుకున్న కుడి. సారంగు కేకేస్తే వీధిలోంచి వచ్చి, లోపలికి చూస్తూ కుడివైపుది తీసి ఇచ్చాను. ఇరవై రెండేళ్ళలో అద్దం పగల్లేదు గానీ, ఇవాళ నా పరువు పగిలింది.

అందరూ నన్నే చూస్తున్నారు. అప్పలకొండమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "బాబూ, మా ఇంటోడేడి?" అంది. అంతే. సముద్రం దాటి పోయింది, అదొక్కటే నీకున్నది అని ఆ మొహం చూసి ఎలా చెప్పను? నోటికి వచ్చింది చెప్పేశాను. "అమ్మా, గవరయ్య పటాన్ని రంగత్ బడివాళ్ళు అడిగి తీసుకున్నారు. రేపు గాంధీ జయంతికి పెద్దవాళ్ళకి దండ వేస్తారు కదా, అందులో మన గవరయ్యకి కూడా వేస్తారట. అందాకా గాంధీగారిని నీ దగ్గర ఉంచమన్నారు" అన్నాను. నేను సంఘంలో పెద్దని! నాలుక ఎలా తిరిగిందో నాకే తెలియదు.

ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత గాంధీగారి ముందే ఆకు వేసి, వండినవన్నీ వడ్డించింది. 

ఆ పటం నీ దగ్గరుంటే ప్రాణంలా చూసుకుని తిరుగు బోటుకే పంపు. దానితో పాటు, దండ వేశామని హెడ్మాస్టరుగారి చేత ఒక కాగితం కూడా రాయించు. నిజం గిజం అని ఇప్పుడు మొదలుపెట్టకు తల్లీ.

మావయ్య


రంగత్,
3 అక్టోబరు 1959

శ్రీ ఏలీయాగారికి,

ఈ ఉత్తరంలో మిమ్మల్ని మీరు అంటాను. కోపం తగ్గాక మళ్ళీ నువ్వు అంటాను.

మీరు చెప్పినట్టే గోనె ముట్టుకోలేదు. నాలుగు రాత్రులు మంచం కింద పెట్టుకుని పడుకున్నాను. నిన్న పొద్దున్నే పిల్లలు బడంతా ఊడ్చి, మందార దండలు గుచ్చి తెచ్చారు. ఊరు వచ్చింది. హెడ్మాస్టరుగారు మీ ముడుల మీద ముడులు కత్తితో కోశారు. పటం పైకెత్తితే ఎవరో బట్టతల పెద్దాయన. హార్బరు చొక్కా, దానికి ఇత్తడి బొత్తాలు, గుబురు మీసాలు. నోట్లో బీడీ లేదు గానీ ఇప్పుడే తీసి దాచినట్టున్నాడు. గాంధీగారికీ ఆయనకీ గుండు ఒక్కటే పోలిక.

హెడ్మాస్టరుగారికి చెమట పట్టింది. నా చెవిలో, "చుప్. దండ వేసెయ్యండి. బచ్చాలు ఎప్పుడూ చూడలేదు కదా, వాళ్ళకేం తెలుసు?" అన్నారు. నిజమే, పిల్లలకేమీ తెలియదు. అప్పటికే చేతులు జోడించారు. నేను నోరు మూసుకుంటే పండగ హాయిగా అయిపోయేది. ఆ నలభై రెండు మొహాలూ చూస్తే నాకు భయం వేసింది మావయ్యా. పదిహేను రోజులుగా ఇళ్ళలో దెబ్బలు తింటూ కూడా నా మాట నమ్మి నిజం చెబుతున్నవాళ్ళు.  "పిల్లలూ, ఈయన గాంధీగారు కాదు. పార్సిల్ మారిపోయింది" అనేశాను.

 మిను లేచింది. "మరి ఈయనెవరు? ఈయన ఏ జహాజ్‌లో వచ్చారు?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి వాళ్ళ తాత హరిపద మండల్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. పటం దగ్గరికి ముక్కు ఆనేంతగా వంగి చూశాడు. "యే ఆద్మీ కో హమ్ పహచాన్తా హై" అన్నాడు. ఆ మనిషి నాకు తెలుసు అని.

తొమ్మిదేళ్ళ కిందట వీళ్ళు దిగిన రోజున ఇక్కడ జెట్టీ లేదట. జహాజ్ దూరాన ఆగిపోతే పోర్ట్ బ్లెయిర్ నుంచి వెంట తెచ్చిన చిన్న పడవల్లో మడచెట్ల మధ్యకి తెచ్చారట. అక్కడి నుంచి నడుము లోతు బురద. హరిపద తల్లి ముసలావిడ, ఇల్లూ ఊరూ వదిలి వచ్చింది, ఆ నల్లటి బురద చూసి పడవ అంచు పట్టుకుని దిగనంటే దిగనని ఏడ్చిందట. అప్పుడు ఆ పడవ నడిపే ఆయన బురదలోకి దూకి, వీపు వంచి నిలబడ్డాడట. ఆవిణ్ణి మోశాడు, పిల్లల్ని మోశాడు, ఆ రోజంతా అందర్నీ మోశాడు. ముసలావిడ దేశం నుంచి డబ్బాలో తెచ్చుకున్న తులసి మొక్క పడవలో ఉండిపోతే, దాని కోసం మళ్ళీ వెళ్ళాడట. మట్టి ఒలకకుండా తల మీద పెట్టుకుని తెచ్చాడట.

"పేరు అడగలేదు. మా మాట ఆయనకి రాదు, ఆయన మాట మాకు రాదు. మోస్తూ ఒకటే మాట అనేవాడు" అని హరిపద ఆ మాట చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా అర్థం తెలియకుండానే గుర్తుపెట్టుకున్నాడు. "బొయపొడకండి అమ్మా, నేలొచ్చీసింది."

అది మన తెలుగు! మన తవిటమ్మ చెంగున లేచి, "డరో మత్, జమీన్ ఆ గయా!" అని అందరికీ హిందీలో చెప్పింది. అప్పుడు చూడాలి ఆ ముసలివాళ్ళని. బెంగాలీ ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ మంగళధ్వనిగా ఉలులు వేశారు. ఎవరు వేశారో చూసేలోపే పటం దండలతో నిండిపోయింది. మన వీధిలో ఆయన్ని టోపీ లేకుండా ఎప్పుడూ చూడలేదు, అందుకే గుర్తుపట్టలేదు; మీ ఉత్తరంలో రాసిన గవరయ్యగారు ఈయనే అయ్యుంటాడని నాకు అప్పుడు తట్టింది. పేరు చెబితే అందరూ ఒకసారి పైకి పలికి చూసుకున్నారు.

నేనింక రాసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టాను. "గాంధీగారు ఇక్కడికి రాలేదు. కానీ తనకి తెలియని మనుషుల బరువు కూడా తన వీపు మీద వేసుకున్నారు. ఈయన మీవాళ్ళని ఎలా మోశాడో, అలాగే. అలా మోసినవాళ్ళు మనవాళ్ళవుతారు" అన్నాను. మిను అర్థమైందన్నట్టు తలూపింది. "అయితే ఈయన పేరున కూడా ఒక సెలవివ్వండి" అంది. నలభై ఒక్క మంది చప్పట్లు.

ఇప్పుడు చెప్పండి, పటం ఎలా పంపను? పిల్లలు మేకు మీద నుంచి దించనివ్వడం లేదు. పాపం అప్పలకొండమ్మత్త అక్కడ ఏమైపోయిందో. ఆవిడకి మీరేం చెప్పారో వెంటనే రాయండి.

ఇట్లు,
జ్ఞానవతి టీచరు


అబర్డీన్ బజార్,
11 అక్టోబరు 1959

నా బంగారు జ్ఞానకి,

నీ ఉత్తరం, నా ఉత్తరం సముద్రం మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది ఈపాటికి చదివే ఉంటావు. చూశావా! నేనాడిన అబద్ధం ఆడిన మర్నాడే నిజమైపోయింది. అయినా నిద్ర పట్టక ప్రార్థన చేసుకున్నాను, క్షమాపణ అడగాలో కృతజ్ఞత చెప్పాలో తెలియక రెండూ చెప్పాను.

నీ ఉత్తరం అప్పలకొండమ్మకి చదివి వినిపించాను. పార్సిల్ మారిందన్న దగ్గర గొంతు సవరించుకుని రెండు వాక్యాలు దాటేశాను. హరిపద మాట వచ్చేసరికి "మల్లీ సదువు" అంది. చదివాను. "మల్లీ" అంది. మూడుసార్లు చదివించుకుని, "ఆడు ఇంటికొచ్చి ఈ సంగతి సెప్పనే నేదు. బట్టలకి బురదేటని తిట్నాను" అంది.

ఇక ఆగుతుందా! వచ్చే బోటుకి తనే రంగత్ వస్తోంది. గాంధీగారిని తనే తెచ్చి అప్పగిస్తుందట, మొగుణ్ణి తనే తెచ్చుకుంటుందట. దగ్గరుండి చూసుకో. ఇంకో సంగతి, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పార్సిల్ సంగతి ఎత్తకు. బడివాళ్ళే అడిగారు అనే మాట మీద నిలబడు. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి అది చెప్పి ఏం లాభం? కోపం తగ్గి ఉంటే నువ్వు అను.

మావయ్య


రంగత్,
24 అక్టోబరు 1959

మావయ్యకి,

తగ్గింది. నువ్వు.

అప్పలకొండమ్మత్త మంగళవారం దిగింది. గాంధీగారిని పాత నేత చీరలో చుట్టి నెత్తిన పెట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా రేవు నుంచి బడిదాకా మూడు మైళ్ళు నడిచింది. పిల్లలు వెనకాల ఊరేగింపు. మేమనుకున్న జయంతి మూడు వారాలు ఆలస్యంగా అయినా దర్జాగా జరిగింది.

నువ్వు చెప్పమన్న మాట చెప్పలేదు మావయ్యా. పక్కన మిను నిలబడి ఉంది. "అత్తా, బడివాళ్ళు అడగలేదు, మా మావయ్య పార్సిల్ తప్పు ఇచ్చాడు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు తెల్దేటమ్మా? సర్కారోల్లకి మా ఇంటోడి పేరెలా తెలుస్తాది? ఏలీయా బాబుకి అబద్దం ఆడ్డం రాదు, సెవులు ఎర్రగా అయిపోతాయి. ఆ పూట ఆ మాట సెవికి బాగుండింది. అందుకని ఊరుకున్నాను" అంది. అంచేత నువ్వు ఇక ఆవిణ్ణి చూసి వీధి మారి వెళ్ళక్కర్లేదు.

నాలుగు రోజులు హరిపద ఇంట్లోనే ఉంది. అన్నం వాళ్ళే పెట్టారు. ఆవిడకి బెంగాలీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు, అందరికీ వచ్చిన ఆ కాస్త హిందీలోనే నవ్వుకున్నారు, ఏడ్చుకున్నారు. పిల్లలు ఆవిడ చుట్టూ చేరి గవరయ్యగారి పుట్టినరోజు ఎప్పుడని అడిగారు. సెలవు కోసం. "పుట్టిన్రోజా? ఆడికా?" అని తెల్లబోయింది.  "నాను అడగనే నేదు పిల్లలూ" అని, కళ్ళు తుడుచుకుంది.

వెళ్ళే రోజు వచ్చింది. హెడ్మాస్టరుగారు, హరిపద, ఊరి పెద్దలు అందరూ బడిలో కూడారు. పటం ఇక్కడే ఉంచమని చేతులు పట్టుకుని బతిమాలారు. గాంధీగారి పక్కన ఇంకో మేకు కొడతామన్నారు, ప్రతి ఏడూ దండ వేస్తామన్నారు. నేను కూడా మనసులో, ఉంచితే బాగుండును అనుకున్నాను. దాచను. పిల్లలకి చెప్పడానికి అంతకంటే మంచి పటం నాకు దొరకదు.

 ఆవిడ బల్ల ఎక్కి, తన చేత్తోనే మొగుణ్ణి దించి, ఆ మేకుకి గాంధీగారిని తగిలించింది. వంకరగా ఉందేమోనని దిగి దూరం నుంచి చూసి, మళ్ళీ ఎక్కి సరిచేసింది. ఆ తర్వాత గవరయ్యగారిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"మీకు ఏడాదికి ఒక రోజు కావాలి బాబూ. నాకు రోజూ కావాలి" అంది.

 మిను బయటికి వెళ్ళి, పటం కట్టడానికి తాడు తెచ్చి ఆవిడకిచ్చింది.

ఈ ఉత్తరం ఇవాళే వెళ్ళే ఫారెస్టు లాంచీలో పంపుతున్నాను, ఆవిడ బోటు ఎల్లుండి సాయంత్రం అక్కడికి చేరుతుంది. నువ్వు తప్పకుండా రేవుకి వెళ్ళు.

నీ
జ్ఞానవతి